కార్డు ఒక చోట, కడుపు ఒక చోట: లాక్‌డౌన్‌లో ఇరుగుపొరుగు దానం ఎందుకు అవసరమైంది?

ఖరగ్‌పూర్: 2020 ఏప్రిల్ 1 నాటికి కేంద్ర నిల్వలలో బియ్యం, గోధుమలు, మిల్లుకు చేరని వడ్లు కలిపి 7 కోట్ల టన్నులకు పైగా ఉన్నాయి. ఆ తేదీన ఉండవలసిన కనీస నిల్వ 2.1 కోట్ల టన్నులే. అవసరానికి మూడు రెట్లకు మించి తిండిగింజలున్న దేశంలో, పట్టణ పేదల పొయ్యి వెలగడానికి ఇరుగుపొరుగువారు బియ్యం, పప్పు, బంగాళాదుంపలు సంచులలో కట్టి పంచవలసి వచ్చింది. ఎందుకన్న ప్రశ్నకు పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్, అందులో ఐఐటీకి చేరువనున్న తాల్‌బగీచా వంటి బస్తీలు సమాధానం చెబుతాయి.

రైలు ఆగితే ఆగేది రైలు ఒక్కటే కాదు

బెంగాలీలో ‘తాల్’ అంటే తాడిచెట్టు, ‘బగీచా’ అంటే తోట. పేరులో తోట ఉన్నా, ఇలాంటి బస్తీల బతుకు రైలుతోనూ విద్యాసంస్థతోనూ ముడిపడినది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచే ఈ పట్టణానికి తెలుగువారు వలస వచ్చి స్థిరపడ్డారు. వారి వారసులలో రైల్వే కొలువు దొరికినవారున్నారు, దొరకనివారూ ఉన్నారు.

2020 మార్చి 22 నుంచి ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయాయి. మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. రైల్వే ఉద్యోగికి జీతం వచ్చింది. స్టేషనులో టీ అమ్మేవారికి, సామాను మోసేవారికి, రిక్షా తొక్కేవారికి ఆనాటి కూలి ఆనాడే పోయింది. విద్యార్థులు ఖాళీ చేసిన వసతిగృహాల చుట్టూ చిరు వ్యాపారాలు మూతపడ్డాయి. ఇళ్లలో పనిచేసే స్త్రీలను గుమ్మం దాటి రానివ్వలేదు. ఒకే వీధిలో ఒక ఇంట నెల జీతం, పక్క ఇంట ఖాళీ డబ్బా. ఇరుగుపొరుగు దానం పుట్టింది ఈ తేడాలోనే.

ప్రభుత్వ సాయం ఎక్కడ చేరింది, ఎక్కడ ఆగింది

మార్చి 26న కేంద్రం ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ అన్న యోజనను ప్రకటించింది. ఆహార భద్రత కార్డుదారులలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం, కుటుంబానికి కిలో పప్పు ఉచితం. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తన రేషన్‌ను ఆరు నెలలపాటు ఉచితం చేసింది. బడి పిల్లల తల్లిదండ్రుల చేతికి 2 కిలోల చొప్పున బియ్యం, బంగాళాదుంపలు ఇచ్చింది. ఈ సాయం చిన్నది కాదు. అయినా మూడు ఖాళీలు మిగిలాయి.

మొదటిది కార్డు. 2013 నాటి ఆహార భద్రత చట్టం పట్టణ జనాభాలో 50 శాతం వరకే వర్తిస్తుంది. ఆ లెక్కకు ఆధారం 2011 జనగణన. పెరిగిన జనాభాను పరిగణించకపోవడం వల్ల దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలు ఈ చట్టం వెలుపల ఉండిపోయారని ఆర్థికవేత్తలు జాన్ డ్రెజ్, రీతికా ఖేరా తదితరులు 2020లో అంచనా వేశారు.

రెండవది చోటు. సొంత రాష్ట్రపు కార్డు పనిచేస్తున్న రాష్ట్రంలో చెల్లేది కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య 2019 ఆగస్టులోనే కార్డు బదిలీ సౌకర్యం మొదలైనా, 2020లో పశ్చిమ బెంగాల్ ఆ ఏర్పాటులో ఇంకా చేరలేదు. ఆంధ్ర, ఒడిశా, జార్ఖండ్‌ల నుంచి వచ్చిన కూలీకి కార్డు ఊళ్లో ఉంది, కడుపు ఇక్కడ ఉంది.

మూడవది సరుకు. బియ్యం ఒక్కటే కూడు కాదు. పప్పు, నూనె, ఉప్పు, కూరగాయ, సబ్బు, పాలపొడి, మందు కొనడానికి చేతిలో పైసా ఉండాలి. మహిళల జన్‌ధన్ ఖాతాలలో నెలకు రూ. 500 చొప్పున మూడు నెలలు పడినా, ఇంటి అద్దె ముందు అది నిలిచేది కాదు.

దానం చేయగలిగినది, చేయలేనిది

ఈ ఖాళీలు కార్యాలయం కంటే ముందు పక్కింటికి తెలుస్తాయి. ఏ ఇంట పసిబిడ్డ ఉన్నదీ, ఎవరికి కార్డు లేదో, ఎవరు అడగడానికి సిగ్గుపడతారో వీధిలోని వారికే తెలుసు. రేషన్‌లో బియ్యం అందిన ఇంటికి మళ్లీ బియ్యమే ఇవ్వడం కంటే పప్పు, ఆవనూనె ఇవ్వడం మేలు. టోకు సరుకు కావలసిన స్వచ్ఛంద సంస్థలకు, వేలంపాట లేకుండా బియ్యం కిలో రూ. 22కు, గోధుమలు రూ. 21కి భారత ఆహార సంస్థ నుంచి కొనుక్కొనే వీలును కేంద్రం ఏప్రిల్‌లో కల్పించింది. విజయవాడ, విశాఖపట్నం, హౌరా వంటి చోట్ల ఐఆర్‌సీటీసీ వంటశాలలు వండిన భోజనం పంపాయి.

అయితే పరిచయమే దానానికి బలం, పరిచయమే దానికి హద్దు. కొత్తగా అద్దెకు దిగినవారు, పొరుగువారి భాష రానివారు ఎవరి జాబితాలోకీ ఎక్కరు. వారాల తరబడి ఇచ్చే దాత చేయి కూడా అలసిపోతుంది. ఇచ్చేటప్పుడు ఫొటో తీస్తే, అసలు అవసరమున్నవారే వరుసలోకి రాకపోవచ్చు.

తర్వాత మారినది

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషగా గుర్తింపునివ్వాలని నిర్ణయించింది. రేషన్ దరఖాస్తు, సహాయ ప్రకటన సొంత భాషలో చదువుకోగలగడం కూడా ఆహార భద్రతలో భాగమే. 2021 జూన్ 29న సుప్రీంకోర్టు, అన్ని రాష్ట్రాలూ జూలై 31 నాటికి ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ అమలు చేయాలనీ, వలస కార్మికులకు సామూహిక వంటశాలలు నడపాలనీ ఆదేశించింది.

పొరుగువారి సంచి ఆ వారపు ఆకలిని తీర్చింది. కార్డు మనిషి వెంట నడిస్తే, మరో విపత్తులో ఆ సంచి కోసం ఎదురుచూసే గుమ్మాలు తగ్గుతాయి.