వేసవి చివర పెరటి నీడపందిరి

కడియము, కడియపులంక నర్సరీల వలెనే తమ పెరళ్లలో చిన్న నీడపందిళ్లు వేసికొనిన రైతు సోదరులు మనలో కలరు. వంగ, మిరప నారు, పూలమొక్కలు, మామిడి అంట్లు వీనిలో పెరుగును. తొలకరి వానలతో మొక్కలకు గిరాకి వచ్చును. అయితే ఆ గిరాకికి ముందుగా రోహిణి, మృగశిర కార్తెలు దాటవలెను. రోహిణిలో ఎండ గండము, మృగశిరలో తడి గండము. మొదటి గండమునకు చేసిన ఉపచారమే విడువక చేసినచో రెండవదానికి దారితీయును. ఇది మరచుటచే నెలల తరబడి పెంచిన నారు నాలుగు దినములలో నశించుచున్నది.

మొదట గాలి సంగతి. శీతదేశములలో గాజుగృహము వెచ్చదనమును నిలుపుటకు కట్టుదురు. మనకు కావలసినది దానికి విరుద్ధము. పాలిథీన్ కప్పు గుండ లోనికి వచ్చిన ఎండ మట్టిని, మొక్కలను కాల్చును. కాగిన గాలి వెలుపలికి పోజాలదు. కావున రోహిణిలో ప్రక్క తెరలను ఎత్తి కట్టవలెను. వేడిగాలి పైకి పోవును గనుక కప్పు దగ్గరను సందు ఉండవలెను. సగము ఎండను ఆపు పచ్చవలను కప్పునకు ఆనించక, ఒక అడుగు ఎత్తున పరచుట మేలు. వల లేనివారు కొబ్బరి మట్టలు పరువవచ్చును.

నల్ల సంచులలోని మొక్కలకు పడమటి ఎండ మిక్కిలి కీడు. సంచి వేడెక్కి వేళ్లు ఉడుకును. సంచులను దగ్గరగా చేర్చి, పడమటి వరుసకు మట్టి ఎగదోయుడు, లేదా తడిగోనెలు కట్టుడు.

నీరు తెల్లవారుజామున పోయవలెను. ఎండలో పడియున్న గొట్టము నుండి మొదట వచ్చు నీరు సలసల కాగియుండును. దానిని పారబోసి పిమ్మట మొక్కలకు పెట్టుడు. కాలువలు కట్టివేసిన దినములలో సముద్రతీర గ్రామములందు బావినీరు ఉప్పనగును. దానిని ఆకులపై చల్లినచో అంచులు మాడును; మొదట మాత్రమే పోయుడు.

పొడి వేడిమిలో ఎర్రనల్లి, తామరపురుగు హెచ్చును. వారమునకు రెండుమారులు ఆకులను త్రిప్పి చూడుడు. కనబడినచో లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి చొప్పున రాత్రి నానబెట్టి, వడకట్టి, మరునాటి సాయంకాలమున ఆకుల అడుగున తడియునట్లు చల్లుడు.

ఇక మృగశిర. మబ్బు పట్టి, గాలి చెమ్మగిల్లిన పిమ్మటను వెనుకటి అలవాటున రెండుపూటల నీరు పోయువారు పలువురు. అప్పుడే నారుకుళ్లు తెగులు వచ్చును. మొదలు మెత్తబడి మొక్క నేలకు ఒరగును. కార్తె పేరును బట్టి కాక మట్టిని బట్టి నీరు పోయవలెను. వ్రేలును ఒక అంగుళము లోతు గ్రుచ్చి చూడుడు. తడి తగిలిననాడు పోయకుడు. తెగులు కనబడినచో కుళ్లిన మొక్కలను తీసివేసి, బోర్డో మిశ్రమముతో మట్టిని తడుపుడు. అర లీటరు నీటిలో 10 గ్రాముల మైలుతుత్తము, మరి అర లీటరులో 10 గ్రాముల సున్నము వేరువేరుగా కరగించి కలుపవలెను. ఇనుప పాత్ర పనికిరాదు. మెరయు చాకును ముంచినప్పుడు ఎర్రని పూత పట్టినచో మరికొంత సున్నము చేర్చుడు. చేసిననాడే వాడవలెను.

కప్పు కట్లను ఇప్పుడే బిగించుడు. 1990 మే 9వ తేదీన తుపాను మన కోస్తాను తాకినది, వేసవియని ఉపేక్షింపరాదు.

నాటుటకు వారము ముందు నుండి వలను దినమునకు కొంతసేపు తొలగించి, నారును వెలుపలి ఎండకు అలవాటు చేయుడు. పందిరి నీడనుండి నేరుగా పొలమునకు పోయిన నారు వాడిపోవును. వలలు, మైలుతుత్తము కావలసిన సభ్యులందరును సంఘము ద్వారా ఒక్కమారుగా తెప్పించుకొనినచో బండికూలియైనను కలిసివచ్చును.