టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లల కంచం: అపోహలు – వాస్తవాలు

అపోహ: పథ్యం గట్టిగా పాటిస్తే ఇన్సులిన్ మానేయొచ్చు.

వాస్తవం: ఇన్సులిన్ దొరకని రోజుల్లో కటిక పథ్యమే వైద్యం. పిల్లలు ఎముకల గూళ్లయి, కొన్నాళ్లు ఎక్కువ బతికేవారు, అంతే. 1922 జనవరిలో టొరాంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి తొలి ఇన్సులిన్ ఇచ్చారు. పథ్యం ఒక్కటే ఎందుకు చాలదంటే, ఏమీ తినకపోయినా కాలేయం గ్లూకోజ్ తయారుచేస్తూనే ఉంటుంది. ఇన్సులిన్ ఆపితే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికొస్తుంది. ఇన్సులిన్ మానేయమని ఎవరెంత నమ్మకంగా చెప్పినా వినకండి.

అపోహ: అన్నం మాన్పించి రాగిజావ పడితే షుగర్ పెరగదు.

వాస్తవం: రాగుల్లోనూ సుమారు మూడింట రెండొంతులు పిండిపదార్థమే. మెత్తటి పిండిని పల్చగా కాస్తే ఇట్టే అరిగిపోతుంది. బెల్లం, తేనె కూడా చక్కెర లెక్కలోకే వస్తాయి. ఎదిగే బిడ్డకు అన్నం కావాలి. కొలిచి పెట్టి, దానికి తగ్గ ఇన్సులిన్ వేయాలి. ముందు గుడ్డో కూరో తిని, తర్వాత అన్నం తింటే షుగర్ అంత ఎత్తుకు పోదు.

అపోహ: భోజనమయ్యాక రెండు గంటలకు షుగర్ బాగుంటే ఇక దిగుల్లేదు.

వాస్తవం: రాత్రి బిరియానీ తిన్న బిడ్డ సంగతి చూడండి. నెయ్యి, నూనె కడుపు ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తాయి. పడుకునేముందు చూస్తే షుగర్ బాగానే ఉంటుంది, ఒక్కోసారి తక్కువే ఉంటుంది. అర్ధరాత్రి దాటాక పెరగడం మొదలవుతుంది. మాంసకృత్తులు ఎక్కువైనా మూడు నుంచి ఐదు గంటల తర్వాత అంతే. తెల్లారి మీటర్ చూసి, దొంగతనంగా ఏదో తిన్నావని పిల్లల్ని కోప్పడే ఇళ్లు ఎన్నో. ఆ తప్పు బిడ్డది కాదు. అలాంటి భోజనానికి కొందరికి ఇన్సులిన్‌ను రెండు విడతలుగా ఇవ్వాల్సి వస్తుంది. ఎంత, ఎప్పుడు అన్నది డాక్టరు తేల్చాలి. మీరు చేయాల్సింది ఏం తిన్నారో, షుగర్ ఎప్పుడెంత ఉందో రాసిపెట్టడం.

అపోహ: షుగర్ పడిపోతే చాక్లెట్ పెట్టాలి.

వాస్తవం: చాక్లెట్‌లోని కొవ్వు చక్కెర రక్తంలోకి చేరడాన్ని ఆలస్యం చేస్తుంది. షుగర్ 70 mg/dL కంటే తగ్గితే గ్లూకోజ్ పొడో, చక్కెర నీళ్లో పట్టి, పావుగంటకు మళ్లీ చూడండి. చిన్నపిల్లలకు ఎంత చాలో ముందే అడిగి ఉంచుకోండి. స్పృహ లేని బిడ్డ నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. ఇంట్లో షుగర్ పెంచే మందు గ్లూకగాన్ ఉంటే ఇచ్చి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.