అందరికీ తెరిచిన వాకిలి

మలయా ద్వీపకల్పం దక్షిణపు కొనన, ఒక ఇరుకైన జలసంధికి ఇవతల ఉన్న చిన్న ద్వీపదేశం సింగపూరు. దాని విస్తీర్ణం 730 చదరపు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. భారతదేశంలో అంతకంటె పెద్ద తాలూకాలు ఎన్నో ఉన్నాయి. ఆ కొద్దిపాటి నేలమీద సుమారు 60 లక్షలమంది నివసిస్తున్నారు. చైనీయులు, మలయులు, భారతీయులు అక్కడ తరతరాలుగా కలసి బ్రతుకుతున్నారు. 1965 ఆగస్టు 9న సింగపూరు స్వతంత్ర దేశమయింది.

ఈ దేశంలో ప్రతి పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది ప్రభుత్వ సంస్థ కట్టించిన బహుళ అంతస్తుల భవనాలలోనే కాపురముంటారు. ఉద్యోగుల జీతంలో కొంత భాగం ప్రభుత్వ భవిష్యనిధిలో జమ అవుతుంది. అందువల్ల ఇల్లు కొన్నా, పన్ను కట్టినా, వృద్ధాప్యంలో సొమ్ము తీసుకొన్నా ప్రభుత్వంతో పని పడుతూనే ఉంటుంది. ఆ పనులను ప్రజలు కార్యాలయాల చుట్టూ తిరగకుండా చేసుకొనేందుకు సింగపూరు ప్రభుత్వం 1980ల నుండే కంప్యూటర్లను వాడసాగింది. మొదట అవి గుమాస్తాల బల్లలపైనే ఉండేవి. తరువాత ఇంటర్నెట్ వచ్చి, ఆ సౌకర్యం ప్రజల ఇళ్లకు చేరింది.

2003లో ‘సింగ్‌పాస్’ అనే ఏర్పాటు మొదలయింది. అంతకు ముందు ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క సంకేతపదం గుర్తుంచుకోవలసి వచ్చేది. సింగ్‌పాస్ వచ్చాక అన్నిటికీ ఒక్కటే తాళంచెవి అయింది. సింగపూరు పౌరులు 15 ఏళ్లు నిండగానే గుర్తింపు కార్డు తీసుకోవాలి. ఆ కార్డు సంఖ్యే సింగ్‌పాస్‌కు ఆధారం. నేడు 800కు పైగా సంస్థలకు చెందిన 2,700కు పైగా సేవలను దీనితో పొందవచ్చు. జనన, మరణ ధ్రువపత్రాలు సైతం 2022 మే 29 నుండి కాగితం మీద కాక కంప్యూటరు పత్రాలుగానే ఇస్తున్నారు.

ఇంతవరకు చూస్తే అంతా సుఖంగానే కనిపిస్తుంది. చదువుకొని, చేతిలో మంచి ఫోను ఉన్నవారికి అది నిజంగా సుఖమే. అయితే ఆ దేశ పౌరులలో దాదాపు అయిదింట ఒక వంతు 65 ఏళ్లు దాటినవారు. వారిలో పలువురు బడిచదువు తక్కువగా ఉన్న కాలంలో పెరిగారు. ముసలి చైనీయులలో చాలామందికి ఇంటి భాష హొక్కియన్, తియోచ్యూ, కాంటనీస్ వంటిది. వారిలో కొందరు అధికార భాష అయిన మాండరిన్‌ను చదవలేరు. కొందరికి ఇంగ్లీషు అసలే రాదు. చూపు మందగించిన కంటికి ఫోనులోని చిన్న అక్షరాలు కనబడవు. వణికే వేలు ఒకచోట నొక్కబోయి మరొకచోట నొక్కుతుంది. ఒకప్పుడు గుమాస్తా ఎదుట నిలబడి నోటితో చెప్పుకొన్న మనిషికి ఇప్పుడు యంత్రంతో చెప్పుకోవలసిన పరిస్థితి వచ్చింది. అతడికి రావలసిన సొమ్ము, అతడికున్న హక్కు ఎక్కడికీ పోలేదు. వాటిని అందుకొనే దారి మాత్రం మూసుకుపోయింది.

2020లో కోవిడ్ వ్యాధి ప్రబలినప్పుడు ఈ చిక్కు అందరి కళ్లకూ కట్టింది. అంగడిలోకి వెళ్లాలన్నా ఫోనులో పేరు నమోదు చేసుకోవలసి వచ్చేది. రోగి దగ్గరగా ఎవరెవరు మెలిగారో తెలుసుకొనేందుకు ఆ సంవత్సరం మార్చిలో ‘ట్రేస్‌టుగెదర్’ అనే ఏర్పాటును ఫోన్లలో ప్రవేశపెట్టారు. మరి స్మార్ట్‌ఫోను లేనివారి మాట ఏమిటి? ఆ ప్రశ్నకు జవాబుగా జూన్ నెలలో ఒక చిన్న టోకెన్ తయారయింది. దానిని మెడలో వేసుకోవచ్చు, జేబులో పెట్టుకోవచ్చు. ఇంటర్నెట్ అక్కరలేదు. నొక్కవలసిన మీటలు లేవు, చదవవలసిన అక్షరాలు లేవు. బ్లూటూత్ అనే రేడియో సంకేతం ద్వారా దగ్గరలోని ఇతర పరికరాలను అది గుర్తుంచుకొనేది. మొట్టమొదటి టోకెన్లను వృద్ధులకే పంచారు. ఫోను రానివారిని ఫోను కొనుక్కోమనకుండా, వారికి తగిన వస్తువును వారి చేతికే అందించడం ఇందులోని తెలివి.

అదే సంవత్సరం ప్రభుత్వం మరొక పని చేసింది. సుమారు 1,000 మందిని ‘డిజిటల్ దూతలు’గా నియమించాలని సంకల్పించింది. వృద్ధులకూ, తినుబండారాల అంగళ్లవారికీ ఫోను వాడకం నేర్పడం వారి పని. సంఘ భవనాలలో, గ్రంథాలయాలలో బల్లలు వేసుకొని కూర్చుంటారు. వచ్చినవారి ఫోనును వారి చేతిలోనే ఉంచి, ఒక్కొక్క మెట్టూ చూపిస్తారు. సంకేతపదం ఎవరికీ చెప్పరాదని ముందే హెచ్చరిస్తారు. మోసగాళ్లు ముసలివారినే ఎక్కువగా వెతుక్కొంటూ వస్తారు కనుక ఈ హెచ్చరిక చిన్నది కాదు.

ఎంత నేర్పినా నేర్చుకోలేనివారు కొందరు ఉంటారు. వారి కోసం పాత దారులను పూర్తిగా మూయలేదు. 2021 డిసెంబరులో ప్రతి పౌర కుటుంబానికి 100 డాలర్ల విలువైన కొనుగోలు కూపన్లు ఇచ్చారు. అవి ఫోనులో వస్తాయి. ఫోను లేని కుటుంబం దగ్గరలోని సంఘ భవనానికి వెళితే, అక్కడివారు వాటిని కాగితం మీద ముద్రించి ఇస్తారు. అంగడిలో రెండూ చెల్లుతాయి. సింగ్‌పాస్‌లోనూ ఇటువంటి వెసులుబాట్లు ఉన్నాయి. సొంత ఫోను నంబరు లేని తల్లి, తనకు రావలసిన ఒక్కసారి వాడే సంఖ్యను కొడుకు ఫోనుకు వచ్చేలా ఏర్పాటు చేసుకోవచ్చు. సంకేతపదం మరచినవారు కొన్ని కార్యాలయాలలోని యంత్రం ముందు నిలబడితే, అది ముఖాన్ని చూసి గుర్తు పడుతుంది. ఇవేవీ కుదరకపోతే ‘సర్వీస్ ఎస్‌జి’ కేంద్రాలు ఉన్నాయి. వేరువేరు శాఖల పనులను అక్కడ ఒకేచోట, మనిషి సాయంతో చేసుకోవచ్చు. ఖర్చు తగ్గించడానికే కంప్యూటర్లు తెచ్చినప్పుడు మనుషులను మళ్లీ కూర్చోబెట్టడం దండగ అనే వాదం ఏ దేశంలోనైనా వినిపిస్తుంది. కాని పదేళ్లుగా పింఛను తీసుకొంటున్న ముసలమ్మ ఒక నెల అది తీసుకోలేకపోతే, ఆ నష్టం ఏ శాఖ లెక్కలలోనూ కనబడదు.

భాష సంగతి మరొకటి. సింగపూరుకు నాలుగు అధికార భాషలు: ఇంగ్లీషు, మలయ్, మాండరిన్, తమిళం. సింగ్‌పాస్‌ను ఈ నాలుగింటిలోనూ వాడుకోవచ్చు. అక్కడ తెలుగువారూ ఉన్నారు. వారి ‘సింగపూర్ తెలుగు సమాజం’ 1975లో ఏర్పడింది. వారి భాష మాత్రం ఆ నాలుగింటిలో లేదు. సొంత రాష్ట్రానికి వెలుపల తెలుగు మాట్లాడే కుటుంబాలకు ఇది కొత్త సంగతి కాదు. ఇంట్లో ఒక భాష, దరఖాస్తులో మరొక భాష. చదువుకొన్న పిల్లలు ఇంగ్లీషులో చూసుకొంటారు. వారి దగ్గర ఉండేందుకు వచ్చిన అమ్మమ్మకు వారే చదివి వినిపించాలి.

ఇక నమ్మకం. టోకెన్ సమాచారాన్ని వ్యాధి వ్యాప్తిని కనిపెట్టేందుకు మాత్రమే వాడతామని ప్రభుత్వం మొదట చెప్పింది. ఆ మాట నమ్మి లక్షలమంది దానిని తీసుకొన్నారు. 2021 జనవరిలో, నేర విచారణ కోసం పోలీసులు కూడా ఆ సమాచారాన్ని పొందే వీలున్నదని పార్లమెంటులో బయటపడింది. ప్రజలలో అసంతృప్తి చెలరేగింది. విచారణకు సమాచారం అడిగే అధికారం చట్టంలో ముందునుండీ ఉన్నదే. అయినా ప్రజలకు చెప్పిన మాట వేరు. మరుసటి నెలలోనే ప్రభుత్వం ఒక చట్టం చేసి, హత్య, ఉగ్రవాదం వంటి ఏడు రకాల ఘోర నేరాలకే ఆ వాడకాన్ని పరిమితం చేసింది. 2023 ఫిబ్రవరిలో ఆ ఏర్పాటు ముగిసింది. ఒక హత్య కేసుకు సంబంధించినది తప్ప మిగిలిన సమాచారాన్ని చెరిపివేశారు. మెడలోని టోకెన్లను ప్రజలు సంఘ భవనాలకు తీసుకువెళ్లి తిరిగి ఇచ్చివేశారు.