కోడ్ పైన రాసే కామెంట్లు

జంషెడ్‌పూర్‌లో మా కార్యాలయంలో ఈమధ్య ఒక పాత జావా ప్రోగ్రామ్ తెరవాల్సి వచ్చింది. పొదుపు ఖాతా వడ్డీని సరిచూసే మెథడ్ అది. పైన ఒకే కామెంట్: ‘వడ్డీ లెక్కిస్తుంది’. ఆ సంగతి మెథడ్ పేరులోనే ఉంది! రాసిన అధికారి ఎప్పుడో బదిలీ అయ్యారు.

మనకు కావలసింది వేరు. 2010 మార్చి వరకు ప్రతి నెలా 10వ తేదీ నుంచి ఆఖరి రోజు దాకా ఉన్న కనిష్ఠ నిల్వపై వడ్డీ ఇచ్చేవాళ్లం. ఏప్రిల్ 1 నుంచి రోజువారీ నిల్వపై ఇస్తున్నాం. ఈ మెథడ్ ఏ పద్ధతిది? ఖాతాదారు పాత వడ్డీ గురించి నిలదీస్తే మనం చూసేది ఇక్కడే.

జావాడాక్‌లో కామెంట్ మొదటి వాక్యమే సారాంశంగా విడిగా కనిపిస్తుంది. అసలు విషయం అందులోనే చెప్పాలి. ‘పారామ్’ దగ్గర వడ్డీ రేటును 3.5 అని ఇవ్వాలా, 0.035 అనా? ‘రిటర్న్’ దగ్గర వచ్చేది రూపాయలా, పైసలా? ‘త్రోస్’ దగ్గర, తేదీలు తారుమారైతే ఏ ఎర్రర్ వస్తుంది? ఇవి రాయాలి. క్లాస్ పైన అది ఏ పనికో, ఏ పనికి కాదో చెబితే చాలు. లోపల లూపులు ఎలా తిరుగుతాయో అక్కడ అనవసరం.

నిబంధన మారాక కోడ్ మార్చి, కామెంట్‌ను వదిలేయడం మరీ ప్రమాదం. కామెంట్ లేకపోతే కోడ్ చదువుతాం, తప్పుడు కామెంట్ ఉంటే నమ్మేస్తాం. మా మెథడ్ పైన ఇప్పుడు ఏ తేదీ నుంచి ఏ పద్ధతో రాసిపెట్టాం.