పాత గడ్డం కత్తి వయసు ఎంత? కత్తినే అడుగుదాం

ఇవాళ నా చేతిలో ఉన్నది చూశారుగా, మడత కత్తి. పాత సినిమాల్లో సెలూన్ సీన్ వస్తే తోలు పట్టీ మీద టపటపా రుద్ది గడ్డం గీస్తారే, అదే.

దీన్ని ఆన్‌లైన్లో కొన్నాను. అమ్మినాయన "సార్, ఇది 1682 నాటిది" అని రేటు గట్టిగానే చెప్పాడు. నేనూ నమ్మేశా. ఇంటికొచ్చాక చూస్తే కథ వేరే.

కత్తి వయసు చూడాలంటే ముందు పదును చూడకండి, మెడ చూడండి. అంటే పదునున్న రేకుకీ, పిడికి బిగించిన మేకుకీ మధ్య ఉండే మందపాటి ఇనుము. తయారీదారు ముద్ర ఉండేది అక్కడే. నా కత్తి మీద జోసెఫ్ రోజర్స్ అండ్ సన్స్, షెఫీల్డ్, ఇంగ్లండ్ అని ఉంది. పక్కనే ఒక నక్షత్రం, ఒక శిలువ. ఆ గుర్తుకి 1682 నాటి చరిత్ర ఉందని కంపెనీ చెప్పుకునేది. మన అమ్మినాయన పట్టుకున్నది ఆ సంవత్సరాన్నే! గుర్తు పుట్టిన ఏడాది వేరు, కత్తి పుట్టిన ఏడాది వేరు కదండీ.

ఇంకా దగ్గరగా చూస్తే కిరీటానికి అటు వి, ఇటు ఆర్. అంటే విక్టోరియా రాణి. 1837 నుంచి 1901 దాకా ఆవిడ పాలనే. అదే డబ్ల్యూ ఆర్ ఉంటే నాలుగో విలియం, 1830 నుంచి 1837. జి ఆర్ ఉంటే మాత్రం ఆగండి, జార్జిలు చాలామంది. 1830కి ముందూ ఉన్నారు, 1910 తర్వాతా వచ్చారు.

మరి ఆ 64 ఏళ్లలో ఎప్పుడు? "ఇంగ్లండ్" అన్న మాట ఇక్కడ పనికొస్తుంది. అమెరికా 1890లో ఒక సుంకాల చట్టం చేసింది. దాని ప్రకారం 1891 నుంచి బయటి సరుకు మీద ఏ దేశానిదో రాయాలి. అందుకని షెఫీల్డ్ వాళ్లు ఇంగ్లండ్ అనీ, జర్మనీలో జోలింగెన్ వాళ్లు జర్మనీ అనీ కొట్టడం మామూలైంది. అయితే దేశం పేరు లేనంత మాత్రాన 1891కి ముందుదని తేల్చేయకండి. అమెరికా వెళ్లని కత్తికి ఆ రూలు లేదు.

తర్వాత రేకు. పాత కత్తుల రేకు మేకులా బరువుగా, మందంగా ఉంటుంది. 19వ శతాబ్దం చివరికొచ్చేసరికి రెండు పక్కలా లోపలికి గుంటగా సాన పట్టి పలచన చేశారు. నాది అలాంటిదే. తోక కూడా చూడండి: 18వ శతాబ్దపు కత్తులకి తోక బాగా పొట్టి, లేదా అసలు ఉండదు. నా దానికి పొడుగ్గా వంపు తిరిగి ఉంది. అన్నీ కలిపితే ఇది 1890ల నాటిది అనిపిస్తోంది. 340 ఏళ్లు కాదు, ఓ 130 ఏళ్లు.

పిడిని మాత్రం నమ్మొద్దు. పగిలితే మార్చేసేవాళ్లు. పాత రేకుకి కొత్త పిడి మామూలే. తెల్లగా ఉంటే ఏనుగు దంతం అని చెప్తారు. గీతలన్నీ ఒకే దిక్కుకి సమానంగా ఉంటే అది ఎక్కువగా సెల్యులాయిడ్. కాల్చిన సూది గుచ్చి చూడమని సలహాలిస్తారు, వద్దు బాబూ, సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది! పాడైన సెల్యులాయిడ్ నుంచి వచ్చే ఆవిరికి పక్కనున్న ఉక్కు కూడా తుప్పు పడుతుంది, కాబట్టి విడిగా పెట్టండి. నిజంగా దంతమే అయితే మన దేశంలో కొనడం, అమ్మడం నేరం.

నేను చేసిన ఒక తప్పు చెప్పేస్తా. తుప్పు కదా అని మెడ వెనక వైపు ఎమరీ పేపర్‌తో రుద్దేశా. అక్కడేదో అక్షరాలు ఉండేవి. ఇప్పుడు లేవు. మీ ఇంట్లో తాతగారి కత్తి దొరికితే ముందు రెండు పక్కలా ఏటవాలు వెలుతురులో ఫొటోలు తీసుకోండి, తర్వాత కుట్టు మిషన్ నూనెతో మెత్తని గుడ్డ, అంతే.