రాతిని చదివిన కథ

గుడిమల్లం పరశురామేశ్వరుడి వయసు రెండు వేల ఏళ్ల పైమాటే. ఆ విగ్రహాన్ని పండితులు కొలిచి పుస్తకాలకెక్కించడానికి ఎంతో ముందే, ఊరివాళ్ల కథ ఒకటి దాన్ని తల నుంచి కాలి దాకా చదివేసింది.

రేణిగుంట దాటి పాపానాయుడుపేట మీదుగా వెళితే, స్వర్ణముఖి దాపున, పొలాల నడుమ గుడిమల్లం. ఇటు తిరుమల, అటు శ్రీకాళహస్తి. ఆ రెండు కొండల మధ్య బస్సులు ఎన్ని తిరిగినా, ఇటు మళ్లేవాళ్లు కొద్దిమందే.

గుళ్లో అడుగుపెట్టగానే తెలిసేది పల్లం. గర్భగుడి ముందు మండపం కన్నా కిందికి ఉంటుంది. స్వామిని చూడాలంటే కళ్లు దించాలి. అయిదడుగుల లింగం అది. ముందువైపు నిలువెత్తు మనిషి. హారతి కింది నుంచి పైకి లేస్తుంటే ఒక్కొక్కటే బయటపడుతుంది. ముందు, గొంతుక్కూర్చున్న ఒక పొట్టి యక్షుడు. అతని భుజాల మీద రెండు పాదాలు. తొడల ఆకారం దాచలేనంత పల్చటి పంచె. కుడిచేతిలో వెనక కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసిన పొట్టేలు. ఎడమచేతిలో చిన్న పాత్ర, ఆ భుజం మీదే గొడ్డలి. తలపాగాలా చుట్టిన జుట్టు. ఒంటి మీద జంధ్యం లేదు.

పువ్వు, పొట్టేలు, కల్లుకుండ

ఊరివాళ్ల కథ ఇది. తండ్రి జమదగ్ని మాట మీద తల్లి రేణుక తల నరికాడు పరశురాముడు. వరంతో ఆమె మళ్లీ బతికినా అతని మనసు కుదుటపడలేదు. శివుణ్ణి కొలవమన్నారు మునులు. అడవిలో లింగం దొరికింది. పక్కనే గుంట తవ్వుకున్నాడు. అందులో రోజుకు ఒక్కటే పువ్వు పూసేది. దానికి కాపలాగా చిత్రసేనుడనే యక్షుణ్ణి పెట్టాడు. కూలి మాట్లాడుకున్నారు: రోజూ వేటాడి తెచ్చిన జంతువు ఒకటి, కుండెడు కల్లు.

ఒకనాడు పరశురాముడు వేట నుంచి వచ్చేసరికి పువ్వు లేదు. కాపలావాడే కోసి శివుడికి పెట్టేశాడు. ఇద్దరూ కలబడ్డారు. పద్నాలుగేళ్లు కొట్లాడితే నేల గుంటపడింది. గుడిపల్లమే గుడిమల్లం అయిందంటారు ఊళ్లో. చివరికి శివుడు ఇద్దర్నీ తనలో కలుపుకున్నాడు: కింద బ్రహ్మ అంశగా చిత్రసేనుడు, నడుమ విష్ణువు అంశగా పరశురాముడు, వెనక లింగమై తాను.

ఇప్పుడు శిల్పం వైపు మళ్లీ చూడండి. గొడ్డలి ఉంది కాబట్టి పరశురాముడు. పొట్టేలు వేట. పాత్ర కల్లుకుండ. కాళ్ల కింద ఉన్నవాడు కాపలాదారు. గర్భగుడి లోతుకూ, ఊరి పేరుకూ కూడా కథ లెక్క చెప్పేసింది. కథ ముందు పుట్టి రాయిగా మారలేదనిపిస్తుంది. రాయి ముందుంటే, దాన్ని రోజూ చూస్తున్న కళ్లు కథ అల్లుకున్నాయి. చూసినదేదీ వదిలిపెట్టలేదు.

తవ్వితే తేలింది

పండితుల చదువు వేరు. 1914–16 నడుమ వచ్చిన 'ఎలిమెంట్స్ ఆఫ్ హిందూ ఐకనోగ్రఫీ'లో టి.ఎ. గోపీనాథరావు ఈ లింగం గురించి వివరంగా రాశారు. భార్హుత్ యక్షులతో పోల్చి, క్రీస్తుకు ముందరి పని అని గుర్తుపట్టారు. క్రీ.పూ. 2, 1 శతాబ్దాల నాటిదని ఇప్పుడు ఎక్కువమంది మాట. వాళ్ల లెక్కలో ఇతను పరశురాముడు కాదు, శివుడే. వేదాల నాటి రుద్రుడి వేటగాడి పోలిక ఇందులో కనిపిస్తుందనేవాళ్లూ ఉన్నారు. పక్కనే శ్రీకాళహస్తిలో వేటమాంసం నైవేద్యం పెట్టిన తిన్నడి కథ విని పెరిగిన సీమకు ఈ వేటగాడు కొత్తవాడేమీ కాదు.

1973–74లో పురావస్తు శాఖ తరఫున ఐ.కె. శర్మ ఇక్కడ తవ్వకాలు జరిపారు. మొదట్లో లింగానికి గుడే లేదని తేలింది. ఆరుబయట, చుట్టూ రాతి కంచె, అంతే. తర్వాత శాతవాహనుల కాలంలో పెద్ద పెద్ద ఇటుకలతో, వెనకవైపు గుండ్రంగా తిరిగే గజపృష్ఠ ఆలయం లేచింది. పల్లవులు, బాణులు, చోళులు తలా ఒక కాలంలో శాసనాలు వేయించారు. 12వ శతాబ్దంలో విక్రమ చోళుడి కాలంలో గుడిని మళ్లీ కట్టారు. చుట్టూ గోడలు మారుతూ వచ్చాయి, నేల పైకి లేస్తూ వచ్చింది. లింగం మాత్రం నిలబెట్టిన చోటు కదల్లేదు. ఊరు పల్లం అన్నదీ, పార అంచుకు తగిలిందీ ఒకటే.

ఒక్క సంగతి మాత్రం పండితుల చదువులో కంటే ఊరి కథలోనే బాగా అతుకుతుంది. హారతి దించే ముందు కింద ఉన్నవాడి మొహం చూడండి. నిలువెత్తు మనిషిని భుజాల మీద మోస్తూ కూడా నవ్వుతున్నాడు. పద్నాలుగేళ్లు కొట్లాడి కాళ్ల కింద పడినవాడి నవ్వులా లేదది. ఆనాటి కూలి అందినవాడి నవ్వు.