ఓటు బట్టబయలు... నోటు గుట్టుగా

ఏలూరు నుంచి గుడివాకలంక దారి పట్టుకుని కొల్లేట్లోకి దిగితే అటూ ఇటూ నీళ్లూ చెరువు గట్లూ, మధ్యలో దీవిలా ఊరు. ఒక్కో లంకకు ఒకటో రెండో పోలింగ్ కేంద్రాలు. చాలాచోట్ల ఊరి బడే బూత్. ఊరంతా ఒకే వరుసలో నిలబడుతుంది, ఒకే యంత్రం మీద మీట నొక్కుతుంది. చూడ్డానికి ఎంత ప్రశాంతంగా ఉంటుందో!

చిక్కు లెక్కింపు రోజున వస్తుంది. ఆ ఊరి యంత్రం బల్లమీదికి రాగానే ఏ గుర్తుకెన్ని పడ్డాయో ఏజెంట్లు కాగితం మీద గీసుకుంటారు. అవే అంకెలు బూత్‌ల వారీగా, తుది ఫలితాల పత్రమైన ఫారం 20లోకి ఎక్కుతాయి. పట్నంలో ఒక బూత్ అంటే నాలుగు వీధుల జనం, ఎవరు ఎటు వేశారో పోల్చుకోవడం కష్టం. లంకలో బూత్ అంటే ఊరే. ‘మీ ఊళ్లో మాకెన్ని పడ్డాయో తెలుసులే’ అన్న మాటకు కొల్లేట్లో ఉన్నంత బరువు మరోచోట ఉండదు.

ఎందుకంటే ఇక్కడ బతుకు నీళ్ల మీదే కాదు, ప్రభుత్వ దయ మీద కూడా నడుస్తుంది. 1999 అక్టోబరులో జీవో 120తో అయిదో కాంటూరు (నేల ఎత్తును చెప్పే గీత) లోపలి 308 చదరపు కిలోమీటర్లు వన్యప్రాణి అభయారణ్యమైంది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో ఆ పరిధిలోని చేపల చెరువుల గట్లను పేల్చేశారు. రెండేళ్లకు, అదే కాంటూరును మూడుకు తగ్గించాలని శాసనసభ తీర్మానం చేసింది. ఆ తీర్మానం అప్పటినుంచీ ప్రతి ఎన్నికల ప్రచారంలో పడవెక్కి లంకలకు వస్తూనే ఉంది. చెరువు ఉంటుందో పోతుందో అధికారంలో ఉన్నవాడి చేతిలో ఉన్నప్పుడు, ఊరి పెద్దలు ఓట్లన్నీ ఒక్కచోట పోగేసి బేరమాడాలనుకోవడం నాకు వింతగా తోచదు. ఆ పోగులోంచి జారిపోయిన ఓట్లు యాభయ్యో అరవయ్యో ఉంటే, అవి ఎవరివై ఉంటాయన్న ఆరా మొదలవుతుంది. పోలింగ్ నాడు రాని గొడవ లెక్కింపయ్యాక వచ్చేది అందుకే.

దీనికి మందు లేక కాదు. బ్యాలెట్ పేపర్ల కాలంలో, అవసరమనుకున్న చోట వేర్వేరు బూత్‌ల ఓట్లను కలగలిపి లెక్కించేందుకు ఎన్నికల నిర్వహణ నియమాల్లో 59ఎ ఉండేది. యంత్రాలొచ్చాక ఆ కలపడం పోయింది. పద్నాలుగు యంత్రాల ఓట్లను ఒక్కసారిగా కూడి మొత్తం మాత్రమే చూపించే టోటలైజర్‌ను వాడదామని ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది. 2015 మార్చిలో లా కమిషన్ తన 255వ నివేదికలో అదే చెప్పింది. కేంద్రం ఒప్పుకోలేదు. బూత్‌ల వారీ లెక్కలు పార్టీలకు పనికొస్తాయన్నది ఒక వాదన. పనికొస్తాయి, నిజమే. ఎందుకు పనికొస్తాయన్నదే లంకవాళ్ల బాధ.

ఓటరు ఇలా బట్టబయలు. మరి డబ్బు?

2009 ఏప్రిల్ ఎన్నికల తర్వాత ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ ఒక పని చేసింది. అభ్యర్థులు వార్తల కోసం పత్రికలకు ఎంత ముట్టజెప్పారో నమూనా సర్వే చేసింది. సర్వేకు ఎంచుకున్న జిల్లా పశ్చిమ గోదావరి. అప్పటికి ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల్లో అధిక భాగం దాని కిందే. ఇక్కడి లెక్కను రాష్ట్రానికి అన్వయిస్తే తేలిన మొత్తం వందల కోట్లలో ఉంది. పరాయి నిఘా సంస్థ కాదు, రోజూ అదే పత్రికల్లో పనిచేసేవాళ్లు తమ ఇంటి గుట్టు తామే విప్పారు. ఈ దేశంలో మీడియా తన తప్పును తానే లెక్కగట్టుకున్న సందర్భాలు అరుదు. అందులో ఒకటి మన జిల్లా మీద జరిగిందని ఇక్కడివాళ్లకే పెద్దగా గుర్తులేదు.

ఆ రోజుల్లో దాన్ని ‘ప్యాకేజీ’ అనేవారు. ప్యాకేజీ కుదిరితే అభ్యర్థి పర్యటన జిల్లా ఎడిషన్‌లో నాలుగు కాలాల ఫొటోతో వచ్చేది. కుదరకపోతే పది వేల మంది వచ్చిన సభకూ చోటుండేది కాదు. పైకి ప్రకటనలా కనిపించదు, వార్తలాగే ఉంటుంది. ఒకే పేజీలో ఇద్దరు ప్రత్యర్థులూ గెలుపు బాటలో ఉండేవాళ్లు! 1980ల చివర తెలుగు పత్రికలు ప్రతి జిల్లాకూ ప్రత్యేక అనుబంధం తెచ్చాక ఊరి బోరింగు చెడినా వార్తయింది. అది మనకు దక్కిన గొప్ప సౌకర్యం. ఆ పేజీలే ఎన్నికల వేళ అంగడి సరుకయ్యాయి. ఇందులో ఊళ్ల నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌ను దోషిగా నిలబెట్టడం తేలిక. రాసిన పంక్తులు లెక్కించి ఇచ్చే లైన్ అకౌంట్‌తో ఇల్లు నడవదు, మీద ప్రకటనల టార్గెట్ ఒకటి. బేరం అతని నోటి మీదుగా నడిచినా ధర నిర్ణయించింది అతను కాదు.

విషయం ప్రెస్ కౌన్సిల్ దాకా వెళ్లింది. పాత్రికేయుడు పరంజోయ్ గుహా ఠాకుర్తా, తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి కలిసి 71 పేజీల నివేదిక రాశారు. పత్రికల పేర్లతో సహా రాశారు. 2010 జులైలో కౌన్సిల్ ఆ పేర్లున్న నివేదికను పక్కనపెట్టి పొట్టి నివేదిక బయటపెట్టింది. పూర్తి పాఠం జనం ముందుకు రావడానికి సమాచార కమిషన్ ఆదేశం కావాల్సి వచ్చింది, 2011 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాదే ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీ ఎమ్మెల్యే ఉమ్లేష్ యాదవ్, డబ్బిచ్చి వేయించుకున్న వార్తల ఖర్చు లెక్కల్లో చూపనందుకు మూడేళ్లు అనర్హురాలైంది. ఇప్పుడు ప్రతి జిల్లాలోనూ ఎన్నికలప్పుడు మీడియా పర్యవేక్షణ కమిటీ కూర్చుంటుంది. ఆ కమిటీ పేపర్లు తిరగేస్తుంటే ప్యాకేజీ చల్లగా యూట్యూబ్ ఛానెళ్లలోకీ వాట్సాప్ గ్రూపుల్లోకీ మకాం మార్చింది.

ఓటరు జాబితా సంగతి వేరు. అది ఎంత మందికి కనపడితే అంత మంచిది. ఏలూరే సాక్ష్యం. ఏడు పంచాయతీలను నగరంలో కలిపాక తయారైన జాబితా తప్పులతడకగా ఉందని కొందరు కోర్టుకెక్కారు. 2021 మార్చి 8న హైకోర్టు కార్పొరేషన్ ఎన్నికను ఆపింది. వెంటనే డివిజన్ బెంచ్ పోలింగ్ జరపమంది, లెక్కించడం మాత్రం వద్దంది. మార్చి 10న ఓట్లు పడ్డాయి. పెట్టెలు స్ట్రాంగ్ రూముకు వెళ్లి నాలుగున్నర నెలలు కూర్చున్నాయి. జులై 25న తెరిస్తే యాభై డివిజన్లలో, ఏకగ్రీవాలతో కలిపి, నలభై ఏడు అప్పటి అధికార పక్షానివి. ఫలితం ఒక్కరోజులో తేలింది, జాబితాలో తప్పులు ఎవరి పొరపాటన్నది తేలలేదు. తాడేపల్లిగూడెంలో ఆమాత్రం కూడా లేదు. విలీన వివాదాలతో ఆ ఏడాది అక్కడ పురపాలక ఎన్నికే జరగలేదు. కౌన్సిలర్‌ను అడగాల్సిన మాటను జనం ప్రత్యేకాధికారికి అర్జీ రాసి అడగాల్సి వచ్చింది.

బూత్‌లో జరిగేదీ జాబితాలాగే అందరికీ కనపడాలి. 2024 మే 13న రాష్ట్రంలో పోస్టల్ బ్యాలెట్లతో కలిపి 81.86 శాతం పోలింగ్ జరిగింది. అదే రోజు మాచర్ల నియోజకవర్గంలోని పాల్వాయిగేటు బూత్‌లో ఓటింగ్ యంత్రాన్ని పగలగొట్టారు. పగలగొట్టిందెవరో దేశమంతా చూసింది, బూత్‌లోని వెబ్ కెమెరా పుణ్యమా అని. కెమెరా లేకుంటే అది రెండు పార్టీలు చెప్పే రెండు కథలుగా మిగిలేది. ఆ డిసెంబరులోనే కేంద్రం ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 93వ నియమాన్ని సవరించి, అలాంటి వీడియోలను సాధారణ పౌరులు అడిగి చూసే వీలు తీసేసింది. 2025 మే నెలాఖరున ఎన్నికల సంఘం ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఎన్నిక మీద కేసు పడకపోతే ఫలితం వెలువడిన 45 రోజుల తర్వాత ఆ దృశ్యాలను చెరిపేయొచ్చు.

ఫారం 20కి అలాంటి గడువేమీ లేదు. ఏ లంకలో ఎవరికెన్ని పడ్డాయో, గడిచిన ఎన్నికలవి సైతం, ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఎవరైనా ఎప్పుడైనా చూసుకోవచ్చు.